పూలు లేని మంద

మంగళవారం తెల్లవారుజామున ఒర్నెల్లా వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడిసెలో కాపరి వెండెలిన్ చీజ్ కాగును పొయ్యి మీదికి ఎక్కించేదాకా గుడారంలో నిద్ర నటించాలి. పాలు వేడెక్కి, తోడు పడి, ఆయన చేతికి గరిటె వచ్చిందంటే ఇక రెండు గంటల పాటు అక్కణ్ణించి కదలలేడు. కదిలితే కాగెడు పాలూ దండగే. ఆ రెండు గంటల్లో ఆమె చప్పుడు చెయ్యకుండా బయటపడి, కొండ మీది సరస్సు చేరుకోవాలి. అక్కడ రాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. రాళ్ళు మాట్లాడవు.

మనిషి మాట మీద అంత విరక్తి ఎందుకు పుట్టిందంటే, ఒర్నెల్లాది ఫెర్రారా అనే పట్నం. అక్కడి నేల చాప పరిచినట్టు ఉంటుంది. చూద్దామంటే ఒక్క కొండైనా లేదు కాబట్టి, జనం పొద్దస్తమానం మాట్లాడుకుంటారు. వాళ్ళందరూ వచ్చి మాట్లాడేది ఒర్నెల్లా దగ్గరే. పంతొమ్మిదేళ్ళుగా ఆమెకు ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళ తల ఆమె చేతిలో ఉంటుంది గాని నోరు ఉండదు. అల్లుళ్ళ వ్యవహారాలు, పిత్తాశయంలో రాళ్ళు, పిల్లికి చేయించిన ఆపరేషన్... అన్నింటికీ ఆమె "అవునా", "అయ్యో", "మరే" అంటూ కత్తెర ఆడించేది. ఈ ఏడు మాత్రం దుకాణానికి తాళం వేసి, వీపున గుడారం కట్టుకుని మా లోయకు వచ్చింది. ఐదు రోజులు ఒక్క మనిషి మాట చెవిన పడకూడదు. పాపం, అదేమైనా గొంతెమ్మ కోరికా?

పటంలో వెతికి వెతికి, ఒకే ఒక్క గుడిసె ఉన్న మేతకొండను ఎంచుకుంది. ఆ గుడిసెలో ఎవరుంటారో పటం చెప్పదు కదా! అందులో ఉండేది వెండెలిన్. జూన్ నుంచి తొమ్మిది ఆవులతో ఒంటరిగా ఉన్నాడు. కింద ఇంట్లో ఉన్నప్పుడు ఆయన అక్క కునిగుండ్ ఎవరికీ నోరు తెరిచే సందివ్వదు. కాబట్టి ఇంట్లో చెప్పుకోలేని అరవై మూడేళ్ళ మాటలు ఆయన కడుపులో అలాగే నిలవ ఉండిపోయాయి. సోమవారం సాయంత్రం ఒక ఆడమనిషి తనంతట తానే కొండెక్కి వచ్చి, "మీ మేతలో గుడారం వేసుకోవచ్చాండీ?" అని అడిగేసరికి ఆయనకు దేవుడు కనిపించాడు.

"ఈ ఎత్తులో 'మీరు', 'అండీ' ఉండవు తల్లీ, నువ్వనే పిలువు. కూర్చో. నా మోకాలి సంగతి చెప్తా."

ఎడమ మోకాలు అయ్యేసరికి పొద్దు గూకింది. కుడి మోకాలు రేపు పొద్దున కాఫీతో చెబుతానని మాటిచ్చాడు. మధ్యలో మందకు పెద్దావు దొరసాని ఏడు తరాల వంశవృక్షం కూడా ఏకరువు పెట్టాడు. ఒర్నెల్లా "అవునా", "అయ్యో", "మరే" అంది. గుడారంలోకి వెళ్ళి ఏడవడం ఒక్కటే తక్కువ.

అందుకే మంగళవారం నాటి ఆ పథకం. గుడిసె కప్పు మీంచి పొగ లేవగానే ఒర్నెల్లా బయటికొచ్చింది. సరస్సు దారి పట్టి పావుగంట నడిచిందో లేదో, వీపు మీద ఏదో తడిగా, గరుకుగా తగిలింది. దొరసాని! నిన్నటి చెమటకు చొక్కా మీద కట్టిన ఉప్పును శ్రద్ధగా నాకుతోంది.

"పోవే! ఇంటికి పోవే తల్లీ!" అంది ఒర్నెల్లా.

దొరసాని పోలేదు. జాలిపడి ఒర్నెల్లా సంచిలోంచి వంట ఉప్పు తీసి ఒక గుప్పెడు పెట్టింది. తిని పోతుందనుకుంది. మా ఊళ్ళో పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది, ఆవుకు చేత్తో ఉప్పు పెట్టినవాళ్ళే ఆ రోజుకు కాపరి అని. దొరసాని చెయ్యి నాకి, మెడ విదిలించి, పెద్ద గంట మోగించింది. గంట ఎటు మోగితే మంద అటే. పచ్చిక మీద అక్కడక్కడా మేస్తున్న ఎనిమిది ఆవులూ తలెత్తాయి.

మరో పది నిమిషాల్లో ఒర్నెల్లా వెనక తొమ్మిది ఆవులు వరసకట్టాయి. నిలబడితే నిలబడ్డాయి, పరిగెత్తితే పరిగెత్తాయి. చొక్కా వాసన తగలకుండా నల్లటి వానకోటు తొడుక్కుంటే, దొరసాని టోపీ అంచు నమలడం మొదలుపెట్టింది. ఎదురుగా సరస్సు దారి చూస్తే అడుగున్నర వెడల్పు, ఒకవైపు బండ, ఇంకోవైపు అగాధం. వెనక ఇంత మందతో ఆ అంచు మీదికి వెళ్తే, ఒక్క ఆవు జారినా తనకు జన్మంతా నిద్ర పట్టదు. ఒర్నెల్లా ఆగిపోయింది.

కింద గుడిసె గుమ్మంలోకి వెండెలిన్ వచ్చి, గరిటె ఊపుతూ అరుస్తున్నాడు. "ఆగు! తల్లీ, ఆగు! ఆవులు! నా ఆవులు!" అన్నాడాయన. గాలికి అందులో ఒక్క ముక్కా ఆమెను చేరలేదు. కాఫీ అయిందనీ, కుడి మోకాలు తయారుగా ఉందనీ పిలుస్తున్నాడనుకుంది. మర్యాదగా చెయ్యి ఊపి, లోయ దారి పట్టి, నడక వేగం పెంచింది. వెండెలిన్ రెండడుగులు వేశాడు, కాగు గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తాడు. మళ్ళీ గుమ్మంలోకి వచ్చి అరిచాడు. మళ్ళీ కాగు దగ్గరికి. అడివి మొదట్లో అడ్డుదూలం ఉంది కదా, అక్కడ ఆగిపోతాయిలే అనుకున్నారు ఇద్దరూ, ఎవరి చోట వాళ్ళు. దొరసాని దూలాన్ని మెడతో ఎత్తి పక్కకు పడేసింది.

పది గంటలకు మంద మా ఊరి వీధిలోకి దిగింది.

ఇక్కడ మా ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఏటా సెప్టెంబరులో మంద కొండ దిగుతుంది. ఆ వేసవి ఎవరికీ ఏ ఆపదా రాకపోతే ఆవులకు పూల కిరీటాలు పెడతాం, బాజాలు వాయిస్తాం. పైన ఎవరైనా కన్నుమూస్తే పూలుండవు. ఆవులు ఉత్త తలలతో దిగుతాయి, మేం టోపీలు తీస్తాం. ఎవరు పోయారని కూడా వీధిలో అడగం. ఇప్పుడు ఉత్త తలల మంద వచ్చింది, అదీ నెల ముందే! మంద ముందు కాపరి లేడు. నల్లకోటు వేసుకుని, నమిలిన టోపీ చేత్తో పట్టుకుని, ఎండకు రాసుకున్న క్రీము కళ్ళలోకి కారి ధారగా నీళ్ళు పెట్టుకుంటూ, ఎవరో కొత్త ఆడమనిషి నడిచొస్తోంది.

చర్చి ముందు కంచె కత్తిరిస్తున్న, గంటలు కొట్టే సెవెరిన్ కత్తెర కింద పెట్టి టోపీ తీశాడు. రొట్టెల కొట్టు ముందు జనం గోడకు జరిగి దారిచ్చారు. ఎవరూ పలకరించలేదు. ఆహా, ఎంత నెమ్మదైన ఊరు, ఇక్కడే గుడారం వేసుకోవలసింది అనుకుంది ఒర్నెల్లా.

ఆ నెమ్మది ఇంకో ఇరవై అడుగులు నిలిచింది. దొరసాని తిన్నగా కునిగుండ్ ఇంటి ముందు ఆగింది. కునిగుండ్ పిండి చేతులతో బయటికొచ్చి, మందను చూసింది, ఒర్నెల్లాను చూసింది, గుమ్మానికి చేరగిలబడింది.

"దగ్గర నువ్వున్నావా అమ్మా?"

"రాత్రి నుంచీ అక్కడే ఉన్నానండీ."

"ఏమైనా మాట్లాడాడా?"

"మాటలకేం లోటు! పొద్దు పోయేదాకా ఆపందే లేదు."

"అయ్యో, సంధి పుట్టిందన్నమాట! దేని గురించి?"

"ఎక్కువగా మోకాలి గురించి."

"మోకాలితో మొదలైందా!" కునిగుండ్ గుండె బాదుకుంది. "నేను చెప్తూనే ఉన్నాను, డాక్టరుకు చూపించుకోరా అని. విన్నాడా! నా ఊసేమైనా ఎత్తాడా తల్లీ?"

ఎత్తాడు. మా అక్క చేసే రొట్టె ఉండల్ని పైకి పంపితే వాటితో గుడిసెకు పునాది వేసుకోవచ్చు అన్నాడు. కాని ఒర్నెల్లా పంతొమ్మిదేళ్ళుగా మనుషుల మాటలు మనుషులకు మెత్తగా చేసి చేరవేసిన మనిషి.

"మీ వంట చాలా గట్టిగా గుర్తుపెట్టుకున్నారండీ."

కునిగుండ్ భోరున ఏడ్చేసి ఆమెను కావిలించుకుంది. ఈ ఊళ్ళో ఆడవాళ్ళు ఎంత సున్నితమో అని ఒర్నెల్లా ఆశ్చర్యపోయింది. సెవెరిన్ నిదానస్తుడు కాబట్టి, ఎందుకైనా మంచిదని గుడిసెకు ఫోను చేశాడు. మూడుసార్లు మోగింది, ఎవరూ ఎత్తలేదు. కాగు ముందున్నప్పుడు వెండెలిన్ ఫోనెత్తడు, కాని అది ఆ క్షణాన ఎవరికి తడుతుంది? సెవెరిన్ గుండె రాయి చేసుకుని వెళ్ళి చర్చి గంట మోగించాడు.

అరగంటలో ఊరంతా కునిగుండ్ వాకిట్లో ఉంది. పోయినవాడిని ఆఖరుసారి చూసిన మనిషి ఒర్నెల్లాయే కాబట్టి ఆమెను నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పళ్ళ సారా ఇచ్చి, ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకుని వెండెలిన్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఒకరి దూడను మంచులోంచి తవ్వి తీశాడట. ఒకరి పెళ్ళిలో మూడు గంటలు ప్రసంగించాడట. ఈ ఊళ్ళో ఈయనకింత పేరేమిటో ఆమెకు అంతుపట్టలేదు. దుకాణంలోనైనా ఒకసారికి ఒక్కరే కూర్చుంటారు. ఇక్కడ వరస వీధి చివరిదాకా ఉంది. ఒర్నెల్లాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడ్చేకొద్దీ జనానికి ఆమె మీద గౌరవం పెరిగింది.

అప్పుడు సెవెరిన్ వంగి మెల్లగా అడిగాడు, "కిందికి మోసుకురావడానికి ఎంతమంది కావాలంటారు? నలుగురు చాలా?"

"ఎవరిని?"

"వెండెలిన్‌ని."

"ఆయన్ను మొయ్యడమెందుకు? ఆయనకు కాళ్ళున్నాయిగా!" ఒర్నెల్లాకు వాకిలి, నల్ల రుమాళ్ళు, గంట, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. లేచి నిలబడింది. "బతికే ఉన్నాడండీ! పొద్దున నాకు చెయ్యి కూడా ఊపాడు!"

"ఊపుతాడమ్మా," అంది కునిగుండ్, ఆమెను మళ్ళీ కూర్చోబెడుతూ. "మా అమ్మ పోయాక నాక్కూడా మూడు రోజులు ఊపింది. ఇంకో గుక్క తాగు."

ఇంతలో వెండెలిన్ రానే వచ్చాడు. చీజును అచ్చుల్లోకి ఎత్తి, ఆవుల కోసం పళ్ళు కొరుక్కుంటూ దిగుతుంటే దారిలో చావుగంట వినిపించింది. కోపం దిగమింగి, టోపీ తీసి, గుంపు వెనక నిలబడి ముందున్నవాడి భుజం తట్టాడు.

"ఎవరట?"

"వెండెలిన్," అన్నాడు ఆ మనిషి తిరక్కుండానే. "మంచోడు. నోరొక్కటే కాస్త..."

"నోటికేమైందిరా?"

ఆ మనిషి తిరిగి చూసి సారా గ్లాసు వదిలేశాడు. గుంపు రెండుగా చీలింది. కునిగుండ్ తమ్ముణ్ణి చూసి కెవ్వుమంది, కావిలించుకుంది, ఆ తర్వాత భుజం మీద ఒక్కటి వేసింది.

"సిగ్గులేనివాడా! అరవై రొట్టె ఉండలకు పిండి కలిపానురా నీకోసం!"

"బతికొచ్చినా తప్పవా అవి?"

ఊరంతా ఘొల్లుమంది. కాని పదిమంది ముందు అంత ఏడ్చాక కునిగుండ్‌కు ఇక తిట్టడానికి నోరు రాలేదు. తమ్ముణ్ణి ఒర్నెల్లా కుర్చీలో కూర్చోబెట్టి, రుమాలుతో కళ్ళు ఒత్తుకుని, బతుకులో మొదటిసారి ఒక మాట అంది. "చెప్పరా. నీ మోకాలికి ఏమైంది?"

వెండెలిన్ చుట్టూ చూశాడు. నూటయాభై మంది నోళ్ళు మూసుకుని తనకేసి చూస్తున్నారు. ఎడమ కాలు చాపి, మోకాలి మీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టాడు. ఆ తర్వాత మరి ఆగలేదు.

మూడు గంటలకు ఆవులు పొదుగు బరువుకు అరవడం మొదలెట్టాయి. వెండెలిన్ ఆవులకేసి చూశాడు, జనంకేసి చూశాడు. లేవలేదు. ఒర్నెల్లా ముందుకొచ్చింది. ఇంతకంటే మంచి అవకాశం ఇంకో పంతొమ్మిదేళ్ళకైనా రాదు.

"పాలు పితకడం నాకొచ్చు. మా తాతకు ఆరు ఆవులుండేవి. నేను తీసుకెళ్ళనా?"

"చీజ్ జోలికి పోకు తల్లీ, పాలు డబ్బాల్లో పోసి సరుకులు పైకి లాగే తీగ మీది బుట్టలో కిందికి వదిలెయ్. శనివారం వస్తా," అన్నాడు వెండెలిన్, ఎడమ మోకాలు మధ్యలో. "ఇక్కడ నాకు కాస్త పనుంది."

ఆ సాయంత్రం మేతకొండ మీద ఒర్నెల్లా ఒక్కతే. తొమ్మిది ఆవులు, ఒక గుడిసె, గాలి. మనిషన్నవాడు కనుచూపుమేరలో లేడు. పాలు పితికి, గుమ్మంలో కూర్చుని, ఆనందంతో గట్టిగా ఊపిరి పీల్చుకుంది. హాయి అంటే ఇదీ! ఆ హాయి బుధవారం మధ్యాహ్నం దాకా నిలిచింది. మధ్యాహ్నం దొరసాని పక్కన కూర్చున్నప్పుడు, ఫెర్రారాలో పిల్లికి ఆపరేషన్ చేయించిన ఆవిడ మాట ఎందుకో నోట్లోంచి జారింది. దొరసాని "అవునా" అనలేదు, అడ్డం రాలేదు, నములుతూ వింది. పంతొమ్మిదేళ్ళలో తన మాట చివరిదాకా విన్న మొదటి ప్రాణి! ఒర్నెల్లాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. దగ్గరికి జరిగి, కథ మొదటినుంచి ఎత్తుకుంది.

శనివారం వెండెలిన్ గొంతు బొంగురుపోయి, మోకాళ్ళు మాత్రం కులాసాగా కొండెక్కాడు. గుడిసె ముందు ఒర్నెల్లా ఒక్కతే నిలబడి, చేతులు తిప్పుతూ, గాలిలోకి ఎవరి అల్లుడి సంగతో గట్టిగా చెబుతోంది. ఆవులు ఒక్కటీ దగ్గర్లో లేవు. మేత అవతలి కొసన, గడ్డి లేని బండల మధ్య, తొమ్మిదీ అటు తిరిగి నిలబడి ఉన్నాయి.

గురువారం నుంచీ పాలు సగానికి పడిపోయాయి.