పన్నెండు డబ్బాలు

ఆఫీసులో ఎవరి కడుపు చెడినా తప్పు వంటాయనదే. అది ఎప్పుడో తేలిపోయిన సంగతి.

సోమవారం పొద్దున్నే పొయ్యి వెలిగించి కూరలు తరుగుదామని వచ్చాడాయన. వంటగది గుమ్మంలో మేనేజరు చెయ్యి చాచి నిలబడ్డాడు.

"తాళంచెవి ఇటివ్వు. గురువారం నీ భోజనం తిని, నాతో కలిపి పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. ల్యాబువాళ్ళు తప్పు నీదని తేల్చారో, ఇక రానే అక్కర్లేదు."

ఆ వంటగదిలో వంటాయన కంటే ముందు ఆయన భార్య పదిహేనేళ్ళు వండింది. తాళంచెవికి ఆమె కట్టిన ఎర్రదారం ఇంకా అలాగే ఉంది. ఆయన దాన్ని తీసి ఇచ్చేశాడు.

ల్యాబు నుంచి డబ్బాలు వచ్చాయి. జబ్బుపడినవాళ్ళకి పదకొండు, వంటాయనకి ఒకటి. విరేచనం పట్టి ఇస్తే, అందులోని వైరస్ జన్యువును అక్షరం అక్షరం చదివి, ఎక్కడినుంచి అంటుకుందో చెబుతారట. వంటాయన తన డబ్బా బుద్ధిగా నింపి తెచ్చాడు.

"ఛీ, పేరు రాసి మరీనా!" అని అకౌంటెంటమ్మ తన డబ్బాను బల్ల కిందికి తోసేసింది. మిగతావాళ్ళదీ అదే సిగ్గు. మేనేజరు ఒక్కడే నింపాడు, ధారాళంగా.

సాయంత్రానికల్లా అన్నీ పంపాలని అటెండరుకు హుకుం. అతను తల గోక్కున్నాడు. అందరూ తిన్నది ఒకే వంట, పట్టింది ఒకే జబ్బు. ఎవరిదైతేనేం? చెంచా తీసుకుని, మేనేజరు డబ్బాలోది మిగతా పది డబ్బాల్లోకి సమానంగా పంచాడు.

వారానికి కాగితం వచ్చింది. పదకొండు డబ్బాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే వైరస్. వంటాయన డబ్బాలో ఏమీ లేదు.

"చూశావా! అందరికీ ఒకేచోట నుంచి వచ్చింది. అంటే వంటగదే!" అన్నాడు మేనేజరు.

"నా దాంట్లో లేదుగా సార్?"

"అదే నా అనుమానం! నువ్వు వండింది నువ్వే తినవన్నమాట!"

జబ్బు ఉంటే తప్పో, లేకపోతే తప్పో వంటాయనకి అంతుపట్టలేదు.

మర్నాడు ల్యాబు డాక్టరమ్మే స్వయంగా వచ్చింది.

"మనిషి నుంచి మనిషికి పాకితే వైరస్‌లో ఒకటీ అరా అక్షరాలు మారుతుంటాయి. ఇక్కడ ఒక్కటీ మారలేదు. అనుమానమొచ్చి మనిషి కణాలు కూడా చూశాం. పదకొండు డబ్బాలూ ఒక్క మనిషివే!"

అందరూ అటెండరు వైపు చూశారు. అటెండరు మేనేజరు వైపు చూశాడు.

"సార్‌ది... చాలా ఉంది కదా సార్, అని..."

డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. "గురువారం భోజనంలో పెట్టిన పళ్ళముక్కలు వంటగది ఫ్రిజ్‌లో మిగిలితే వాటినీ పరీక్షించాం. వాటిలోనూ అదే వైరస్ ఉంది. అందరికంటే ముందు ఎవరికి పట్టింది?"

"సార్‌కే. బుధవారమే. గంటకోసారి వెళ్ళొచ్చారు," అంది అకౌంటెంటమ్మ.

"మరి గురువారం ఆ పళ్ళు ఎవరు ముట్టుకున్నారు?"

"నేను గరిటెతోనే వేశానమ్మా," అన్నాడు వంటాయన. "తియ్యటి ముక్క కోసం సారే గిన్నెలో చెయ్యి పెట్టి కెలికారు."

మేనేజరు తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. "ఏదో జరిగిపోయింది. మనసులో పెట్టుకోకు బాబాయ్."

వంటాయన దాన్ని ఎర్రదారంతో సహా రెండుసార్లు సబ్బుతో కడిగి జేబులో వేసుకున్నాడు.

"ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి. నేనూ ఎత్తను."

ఎత్తలేదు కూడా. మేనేజరుకి వడ్డించడానికి మాత్రం బాగా పొడుగాటి గరిటె ఒకటి కొన్నాడు.