కృష్ణమోహన్ గారి పదవీ త్యాగం

కామారెడ్డి–ఎల్లారెడ్డి పక్షి వీక్షకుల సంఘం వ్యవస్థాపక అధ్యక్షులు కృష్ణమోహన్ గారు తన పదవిని త్యాగం చేస్తున్నట్లు ప్రకటించారు. కామారెడ్డిలోని సొంత విత్తనాల దుకాణంలో, వరి విత్తనాల బస్తా మీద కుడిచెయ్యి ఆనించి, ఎడమచేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని ఆయన ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు వినడానికి ఉమారాణి ఒక్కతే ఉంది.

ఉమారాణి ఆ దుకాణంలో బిల్లులు రాస్తుంది. ఆ జీతంతోనే ఆమె ఇల్లు గడుస్తుంది. సంఘం పెట్టిన కొత్తలో కృష్ణమోహన్ గారు "ఉమా, ఆ వాట్సాప్ పని సుత నువ్వే చూడు" అనడంతో ఆమె సంఘానికి సమాచార కార్యదర్శి కూడా అయింది. జీతం పెరగలేదు గానీ హోదా పెరిగింది.

"సార్, నిజంగనే ఇడిచిపెడుతున్నరా?" అంది ఉమారాణి.

కృష్ణమోహన్ గారు జాలిగా చూశారు. "నీకు రాజకీయం ఎప్పుడు సమజైతది ఉమా? మన సంఘం ఎలక్షన్లు వస్తున్నయి. నిలబడుత అంటే పదవి మీద ఆశ అంటరు. పోత అంటే జనం పోవద్దంటరు. అప్పుడు నా కోసం కాదు, జనం కోసం ఉంట. జిల్లా పర్యాటక సలహా మండలిల నాకొక కుర్చీ ఉన్నదట. హైదరాబాద్ల మా పార్టీ పెద్దసారు ఏమన్నడు? నీ యెనుక జనం ఉన్నరని చూపెట్టు అన్నడు."

"మన సంఘపోళ్లు పిట్టలు చూసేటోళ్లు గద సార్."

"పిట్టలు చూస్తె జనం కాకుండ పోతరా?"

ఇంత లోతైన మాట విన్నాక ఉమారాణి బిల్లు పుస్తకం పక్కన పెట్టింది. ఫోన్ తీసుకుంది. కృష్ణమోహన్ గారు కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు.

"రాయి. 'నా ప్రాణ సమానులైన సభ్యులారా, ఇన్నేళ్లు మీ సేవలో అలసిపోని నేను...'"

"అలసిపోనప్పుడు ఎందుకు పోతున్నరని అడుగుతరేమో సార్."

"అట్లయితే 'అలసినా అలసిపోని నేను' అని రాయి. 'కొత్త తరానికి అవకాశం ఇవ్వాలని అధ్యక్ష పదవి నుంచి తప్పుకుంటున్నాను. ఎన్నికలు వచ్చే నెల రెండో ఆదివారం ఎల్లారెడ్డిలో జరుగుతాయి.' పంపు."

"కింద మీ పేరు పెట్టనా?"

"పేరెందుకు? ఆ భాష చూస్తే తెల్వదా ఎవరిదో?"

ఉమారాణి పేరు పెట్టకుండా పంపింది.

ఆ గ్రూపు సంగతి కొంచెం చెప్పాలి. సంఘం ప్రారంభోత్సవం కామారెడ్డిలో ఘనంగా జరిగింది. అప్పుడు వచ్చినవాళ్లలో ఎక్కువమంది విత్తనాల మీద తగ్గింపు ఇస్తారని వచ్చినవాళ్లు. ఆ సీజను అయిపోగానే వాళ్లు మాయమయ్యారు. తర్వాత ఎల్లారెడ్డి, బిచ్కుంద, పెద్దకొడప్‌గల్ వైపు నుంచి నిజంగా పిట్టలంటే ఇష్టమున్నవాళ్లు ఒకరి ద్వారా ఒకరు గ్రూపులో చేరారు. ఆదివారం వస్తే చెరువు గట్ల వెంబడి తిరిగి ఫొటోలు పెట్టేవాళ్లు. ఉమారాణికి కాకి, కొంగ తప్ప ఇంకో పిట్ట పేరు తెలియదు. అయినా ఎవరు ఏ ఫొటో పెట్టినా "బాగుంది అన్నా", "బాగుంది అక్కా" అని తప్పకుండా రాసేది, రోజూ పొద్దున అందరికీ శుభోదయం చెప్పేది. వీలున్న ఆదివారం ఫ్లాస్కులో చాయ్ పోసుకుని బస్సెక్కి వెళ్లేది. కృష్ణమోహన్ గారికి ఆదివారాలు పార్టీ పనులుండేవి. ఆయన సంఘాన్ని దుకాణంలో నుంచే నడిపించేవారు. పెద్ద నాయకులు అలాగే చేస్తారు.

మధ్యాహ్నానికి జవాబులు వచ్చాయి. అన్నీ బొటనవేళ్లు.

"బొటనేలంటే ఏంది?" అన్నారు కృష్ణమోహన్ గారు.

"సరే అని సార్."

"సరే అంటే? పొమ్మన్నట్టా?"

ఆ రోజు దుకాణానికి వచ్చిన ఏ రైతుకూ ఒక్క రూపాయి తగ్గలేదు.

మర్నాడు రెండో సందేశం తయారైంది. "ముందుదాంట్ల తడి తక్కువైంది," అని ఆయనే కనిపెట్టారు. "రాయి. 'రేపటి నుంచి మీకు శుభోదయం చెప్పే భాగ్యం నాకు ఉండదేమో. చెరువు గట్టు మీద మీతో కలిసి తాగిన చాయ్ రుచి ఇంకా నా నాలుక మీదే ఉంది.'"

ఉమారాణి వేలు ఆగింది. "చెరువు గట్టుకు మీరెప్పుడు వచ్చిండ్రు సార్?"

"మనసుల ఎన్నిసార్లు పోలే? రాయి."

ఈ సందేశం గ్రూపును కుదిపేసింది. ఎల్లారెడ్డిలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన అబ్రాహాము గొంతు రికార్డు చేసి పంపాడు: "మీరు పోతె ఎట్ల మేడం? మొన్న నాకు జొరమొస్తె ఫోన్ చేసి అడిగినోళ్లు మీరొక్కరే." నర్సుగా పనిచేసే రూత్ రాసింది: "మీరు 'బాగుంది అక్కా' అనకపోతే ఫొటో తీసినట్టే ఉండదు మేడం." బిచ్కుంద నుంచి ఒకాయన ఆవేశంలో తెలుగు మరిచిపోయి మరాఠీలో "జాఊ నకా మేడం" అని, పోవద్దని బతిమాలాడు.

ఉమారాణి వాటిని రెండుసార్లు చదివింది. తన ఫోన్ నుంచి పోయింది కాబట్టి మర్యాదకు తనను మేడం అంటున్నారు, బతిమాలేది మాత్రం సారునే అని సర్ది చెప్పుకుంది. కానీ జ్వరం వచ్చిందని అబ్రాహాముకు ఫోన్ చేసింది తనే. దాన్ని సారు ఖాతాలో ఎలా వేయాలో ఆమెకు తెలియలేదు.

"చదువు," అన్నారు కృష్ణమోహన్ గారు. దుకాణం నిండా జనం ఉన్నారు.

ఆమె చదివింది. ఎక్కడ మేడం వస్తే అక్కడ మింగేసింది. "బాగుంది అక్కా" దగ్గర దగ్గు వచ్చిందని మంచినీళ్లు తాగింది.

కృష్ణమోహన్ గారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. బస్తాల కోసం వచ్చిన రైతుల వైపు తిరిగి, "చూసిండ్రా జనం?" అన్నారు. విత్తనాలు దొరుకుతాయో లేదోనన్న భయంతో రైతులు చూశామన్నారు.

ఇంటికి పోయే ఆటోలో ఉమారాణి ఆ సందేశాలను మేడంతో కలిపి మళ్లీ చదువుకుంది. తాను పోతానంటే ఇంతమంది అడ్డం పడతారని ఎప్పుడూ అనుకోలేదు. దుకాణం మానేస్తే సారు సాయంత్రానికల్లా ఇంకొకరిని కూర్చోబెడతారు. ఆటో దిగేటప్పుడు చిల్లర తీసుకోవడం మరిచిపోయి నవ్వుకుంటూ నడిచింది.

మూడో సందేశం చిన్నది. 'సభ్యుల ఒత్తిడికి తలవంచి మళ్ళీ పోటీ చేస్తున్నాను.' గ్రూపంతా పూలు, చప్పట్లు. ఒక పత్రికలో 'అధ్యక్షుని త్యాగం, సభ్యుల కన్నీరు' అని వార్త వచ్చింది. అది రాసిన విలేకరి దుకాణం నుంచి టమాట విత్తనాలు పట్టుకెళ్లాడు.

ఎన్నికలు దగ్గరపడేకొద్దీ ఉమారాణికి నిద్ర పట్టలేదు. నలుగురిలో సంగతి బయటపడితే సారు పరువు ఒక్కటే కాదు, తన కొలువు కూడా పోతుంది. ధైర్యం చేసి ఆయన దగ్గరికి వెళ్లింది. అప్పుడు కృష్ణమోహన్ గారు ఫ్లెక్సీ కొట్టేవాడితో మాట్లాడుతున్నారు.

"ఏ పిట్టను పెట్టాలె సార్?" అన్నాడతను.

"ఏదన్న పెట్టు. నా ఫొటో కన్న పెద్దగ ఉండద్దు, అంతే."

"సార్, ఒక్క మాట," అంది ఉమారాణి. "గ్రూపుల ఆళ్లు మేడం, మేడం అంటున్నరు..."

"మంచిదే గద. ఆడోళ్ల ఓట్లు సుత మనయే," అన్నారాయన.

రెండో ఆదివారం ఎల్లారెడ్డిలో అద్దెకు తీసుకున్న హాలుకు సభ్యులు పొద్దున్నే వచ్చేశారు. చెరువు నుంచి సరాసరి వచ్చారు కాబట్టి చెప్పులకు బురద, మెడలో బైనాక్యులర్లు. గేటు దగ్గర ఫ్లెక్సీలో కృష్ణమోహన్ గారు నమస్కరిస్తున్నారు. ఆయన భుజం పక్కన చిన్న పెంగ్విన్ ఉంది.

అబ్రాహాము ఫ్లెక్సీలోని మనిషిని ఎగాదిగా చూశాడు. "ఈయనెవలు బిడ్డా? చీఫ్ గెస్టా?" అని ఉమారాణిని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోగా కారు వచ్చింది. కృష్ణమోహన్ గారు దండలతో దిగి, ముందు వరుసలో కూర్చున్నారు. చీఫ్ గెస్టు కుర్చీ అక్కడే ఉంది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఎన్నికల అధికారిగా రూత్ లేచింది. "పోటీల ఎవరున్నరో వాళ్ల పేరు చెప్పుండ్రి."

కృష్ణమోహన్ గారు వినయంగా తల దించుకున్నారు. తన పేరు తాను చెప్పుకోవడం ఆయన పద్ధతి కాదు.

అబ్రాహాము నిలబడ్డాడు. "మల్ల అడుగుడెందుకు? ఇన్నేండ్ల సంది నడిపినట్టే మా ఉమా మేడమే నడుపాలె. పోత అన్నా మనం పోనియ్యలే. ఒప్పుకున్నోళ్లు చేతులెత్తుండ్రి."

హాలంతా చేతులు లేచాయి.  ఉమారాణి సభ్యులను చూడలేదు. ముందు వరుసలో సారు వీపును చూసింది.

కృష్ణమోహన్ గారు తలెత్తి అటూ ఇటూ చూశారు. వెనక్కి తిరిగి చూశారు. అందరి చేతులూ పైన ఉన్నచోట తన చెయ్యి ఒక్కటే కిందుండడం ఎంత ప్రమాదమో ఆయనకు అనుభవం. మెల్లగా చెయ్యెత్తారు. తర్వాత రెండో చెయ్యి కూడా ఎత్తారు. ఆ పైన లేచి తన మెడలోని దండ తీసి ఉమారాణి మెడలో వేసి, మైకు అందుకున్నారు.

"కొత్త తరానికి అవకాశం ఇవ్వాలని మొదట రాసింది నేనే," అన్నారు. అది నిజమే. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు.

తిరుగు ప్రయాణంలో ఆయన ఉమారాణిని బస్సు ఎక్కనివ్వలేదు. కారులో కూర్చోబెట్టుకున్నారు. ఆమె దండను ఒళ్లో పెట్టుకుని, కొలువు గురించి ఏ మాట వస్తుందోనని బిగుసుకుపోయి ఉంది. ఆయన హైదరాబాద్‌కు ఫోన్ కలిపారు.

"ఏకగ్రీవం సార్. ఒక్క చెయ్యి కింద లేదు. అధ్యక్ష పదవి మన దుకాణంలనే ఉన్నది. ఆ... మా మనిషే."

ఉమారాణి ఊపిరి పీల్చుకుంది. దండలోంచి ఒక బంతిపువ్వు తెంపి వాసన చూసింది.

ఫోన్ పెట్టేసి ఆయన, "అభినందనలు గ్రూపుల పెట్టాలె. ఇయ్యాల నేనే పెడుత. యాడ నొక్కాలె?" అన్నారు.

ఆమె ఆయన ఫోన్ తీసుకుని పైకీ కిందికీ జరిపి చూసింది.

"గ్రూపుల మీరు లేరు సార్."

"ఎప్పటిసంది?"

"ఎన్నడు లేరు సార్."

కారు లింగంపేట దాటింది. "అట్లయితే కలుపు," అన్నారు కృష్ణమోహన్ గారు. "అధ్యక్షురాలివి గద."

"కలుపుత సార్. ఇగో, కలిపిన. కొత్తగ వచ్చినోళ్లు ముందుగాల పేరు, ఊరు రాయాలె. పిట్టలంటే ఎందుకిష్టమో సుత రాయాలె. అందరు రాసిండ్రు."

ఆయన ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నారు. పేరు రాశారు. ఊరు రాశారు. కారు తాడ్వాయి దాటింది. ఆయన బొటనవేలు గాలిలోనే ఉంది.

"ఉమా."

"సార్."

"ఆ మూడోది నువ్వే రాయి."