పాములు లేని పరమపదం

వైకుంఠ ఏకాదశి పొద్దున ముత్తుసామి అనుకున్నది చాలా చిన్న పని. అచ్చాపీసు నుంచి వైకుంఠపాళి ఆడే పరమపదం పటాలు తెచ్చి, కోయంబత్తూరు మిల్లు కూలీల లైను ఇళ్ళలో అమ్మి, ఒకటి అక్క చిన్నత్తాయికి ఊరికే ఇచ్చి, మిల్లులో తన రెండో షిఫ్టుకు పోవడం. అక్కది ఏడేళ్ళ మొక్కు. ఏటా ఏకాదశి రాత్రి కన్ను మూయకుండా పరమపదం ఆడుతూ జాగారం చేయాలి. ఒక్క ఏడాది తప్పినా మళ్ళీ మొదటినుంచి. ఇది ఏడోది.

పటాలు ప్రతి ఏడూ అమ్మేవే. ఈ ఏటి కిటుకు మాత్రం ముత్తుసామి సొంత బుర్రలో పుట్టింది, చిక్కంతా అక్కడే. పటం చౌకగా ఇచ్చి, ఖర్చు అంగళ్ళవాళ్ళ నెత్తిన వేయాలనుకున్నాడు. ప్రతి నిచ్చెన మొదట్లో ఒక అంగడి పేరు! మీ అంగడి మీదుగానే జనం వైకుంఠానికి పోతారంటే కాదనేవాడెవడు? పది నిచ్చెనలుండే పటంలో ముప్ఫైరెండు అమ్ముడుపోయాయి.

పండగకు ముందే నమూనా చూపించినప్పుడు కాఫీ క్లబ్బు యజమాని కరుప్పన్ ముదలాళి పటం మీద వేలు పెట్టాడు.

"ఏమయ్యా, నా క్లబ్బు పక్కన నోరు తెరుచుకోని పామా? నా కాఫీలో ఏం కలిపినానని అనుకుంటారు జనం? తీసెయ్!"

"పాము లేకుంటే ఆటెట్లా ముదలాళీ?"

"అయితే నా దుడ్డు తిరిగియ్."

పామును తీసేశాడు. ఆ సంగతి ఆర్.ఎస్. పురం జవుళి అంగడి మీనాంబాళ్ చెవిన పడింది. "కరుప్పన్‌కు ఒక న్యాయం, నాకొకటా?" అని ఆమె కూడా తన పక్క పామును తీయించింది. తక్కినవాళ్ళు ఊరుకుంటారా? చివరికి ఐదో గడిలో ఒక్కటి మిగిలింది, అదీ వానపామంత. మనిషన్నాక కాస్త సిగ్గుండాలి. ముత్తుసామికి అప్పటికింకా రాలేదు. పటం పైన 'త్వరగా వైకుంఠం' అని పెద్దక్షరాలు కొట్టించాడు. లైను జనం ఎగబడి కొన్నారు.

మర్నాడు పొద్దున మొదటి షిఫ్టుకు పిలుస్తూ మిల్లు సంగు ఊదితే లైనులో ఒక్కరూ లేవలేదు. తెల్లవార్లూ సాగాల్సిన ఆట ఘడియలో ముగిసిపోయింది. పాచిక వేసినవాళ్ళందరూ నిచ్చెనెక్కి వైకుంఠంలో కూర్చున్నారు. ఇంక చేసేదేముంది? ఉపవాసం నీరసానికి గుర్రుపెట్టి నిద్రపోయారు. మొదటి షిఫ్టు సగం ఖాళీ. మేస్త్రీ తిట్టాడు, ముసలమ్మలు శాపాలు పెట్టారు. ముత్తుసామి అన్నీ దులుపుకున్నాడు, పక్కింటి రాసాత్తి మాట వినేదాకా.

"మీ అక్క కూడా పొణుకునేసెరా!"

పరుగెత్తాడు. చిన్నత్తాయి వాకిట్లో మొహం కడగకుండా కూర్చుని ఉంది.

"అక్కా, నువ్వు కూడానా?"

"ఏం చేసేదిరా? నాలుగాటలు ఆడితిమి, నాలుగూ చిటికెలో అయిపాయె. కొంచెం గోడకు ఆనుకుంటిని. కన్ను తెరిస్తే ఎండ!"

ఆరేళ్ళ జాగారం మట్టిపాలు. ముత్తుసామికి తలెత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. వీధిలో ఎన్ని తిట్లు పడ్డా కలగని సిగ్గు అక్క వాడిపోయిన మొహం చూస్తే కలిగింది.

"తప్పయిపాయె అక్కా. చెప్పుతో కొట్టు. దేనికి మొక్కుకుంటివో అదైనా చెప్పు, నా చేతనైతే నేనే చేసి పెడతాను."

చిన్నత్తాయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నీకు బుద్ధి రావాలనిరా."

మొక్కు మళ్ళీ మొదటి ఏటినుంచి మొదలుపెట్టాలి కాబట్టి, ఆ పని ఇంకో ఏడేళ్ళు వెనక్కి పడింది.