లేడీ లైటు

ఆ రోజు మా ఇంట్లో గొడవ ఒక మేకు గురించి మొదలైంది. వంటింటి తలుపు పక్కనున్న మేకుకి ఏ టార్చి వేలాడాలన్నది సమస్య.

"దీన్ని ఇంకా ఎందుకు ఉంచావ్?" అన్నారు మావారు, పాత స్టీలు టార్చిని చచ్చిన ఎలుకలా రెండు వేళ్ళతో పట్టుకుని.

"వెలుగుతోంది కాబట్టి."

"దీన్ని వెలగడం అంటారా? నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తేగానీ పనిచెయ్యదు."

"ఈ ఇంట్లో అలా పనిచేసేది అదొక్కటే కాదులెండి."

మావారికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. రోజంతా వచ్చినవాళ్ళకి అక్షరాలు చూపించి "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడగడం ఆయన వృత్తి. ఆ అలవాటు దుకాణంలో వదిలి రారు. దిండు గలీబు మార్చినా అదే ప్రశ్న. ఇప్పుడు జేబులోంచి వేలెడంత నల్లటి లైటు తీసి గోడ మీద వేశారు. గోడ తెల్లబోయింది.

"ఎల్ఈడీ! ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఎవర్రా ఆ లేడీ?" అన్నారు అత్తయ్య, హాల్లోంచి.

"లేడీ కాదమ్మా, ఎల్ఈడీ! ఇంకొన్నాళ్ళు పోతే ఈ తీగ బల్బుల టార్చిలు కలికానికి కూడా దొరకవు. ముసలివన్నీ ఇక మూల పడాల్సిందే."

"ముసలివన్నీనా?" అన్నారు అత్తయ్య.

ఆ ప్రశ్న ఆయనకి వినబడలేదు. నాకు వినబడింది.

మేకు కొత్తదానికే దక్కింది. నేను వాదించలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ గంట నడుం వాలుస్తాను. రోజు మొత్తంలో నాదంటూ ఉన్నది ఆ గంటే. దాని జోలికి రానంత వరకూ ఏ మేకుకి ఏది వేలాడినా నాకు పట్టదు.

అయితే ఆయన దుకాణం మూసి భోజనానికి వచ్చి ఇంట్లో ఉండేది కూడా ఆ వేళే. మర్నాడు చెయ్యి కడుక్కోవడం ఆలస్యం, లైటు పట్టుకుని మంచం కిందకి దూరారు. కాళ్ళు మాత్రమే బయటున్నాయి.

"ఇదిగో, ఒకసారి ఇలా రా! ఈ దుమ్ముతో ఇంకో పరుపు కుట్టించొచ్చు."

ఆ దుమ్ము నాకు తెలియనిది కాదు. పాత టార్చి పచ్చటి వెలుగులో అది నీడలా మర్యాదగా ఓ పక్కన పడి ఉండేది. నేను దాన్ని పలకరించేదాన్ని కాదు, అది నన్ను పలకరించేది కాదు. ఇప్పుడు ఈయన మధ్యన దూరి మా ఇద్దరికీ పరిచయం చేశారు.

తుడిచాను. చాప పరుచుకున్నాను.

"ఫ్రిజ్ వెనకాల జిడ్డు!"

తుడిచాను.

"కిటికీ సందుల్లో ఏదో పాకుతోంది. కాదు, చచ్చిపోయింది. పాకుతూ చచ్చిపోయింది."

ఎత్తి పారేశాను. ఆ లోపల ఆయన దుకాణానికి వేళయింది, నా గంట అయిపోయింది.

"చూశావా దీని ప్రతాపం? పాత టార్చి ఎప్పుడైనా ఇవన్నీ చూపించిందా?" అన్నారు చెప్పులు వేసుకుంటూ.

"లేదండీ. దానికి నామీద జాలి ఉండేది."

వారం తిరిగేసరికి ఇల్లు అద్దంలా తయారైంది, నేను మసిగుడ్డలా తయారయ్యాను. ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"కనబడ్డవి మీరే కాస్త దులపకూడదూ?"

"బాగుంది! మరి లైటెవరు పట్టుకుంటారు?"

ఆయన నిజంగానే అడిగారు. వెటకారమైతే జవాబు చెప్పేదాన్ని. చీపురు తీసుకున్నాను.

ఇక అటక తప్ప ఇంట్లో చూపించడానికి మూలలు మిగల్లేదు. మావారు లైటు అటూ ఇటూ తిప్పి, చివరికి కుర్చీలో కునుకు తీస్తున్న అత్తయ్య మీద వేశారు.

"అమ్మా, కదలకు! నీ గడ్డం కింద రెండు తెల్ల వెంట్రుకలున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడనేలేదు చూశావా!"

అత్తయ్య కళ్ళు తెరిచారు. వెలుగు వెనకున్న కొడుకుని కాసేపు తేరిపార చూశారు. ఏమీ అనలేదు. ఆవిడ అరిచిన రోజు మామగారు హాయిగా నిద్రపోయేవారట. ఏమీ అనని రోజే పక్క మీద దొర్లేవారట.

ఆ రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నాం. మావారి కంచం పక్కనే లైటు కూడా ఉంది. అన్నంలో రాళ్ళు చూడ్డానికేమో.

"ఒరేయ్," అన్నారు అత్తయ్య. "ఆ లేడీ గుమ్మంలో అడుగు పెట్టినప్పట్నుంచి నా కోడలికి కంటి మీద కునుకు లేదు."

"అమ్మా, అది లేడీ కాద..."

"నేను చెప్పేది విను. రేపట్నుంచి మధ్యాహ్నం కోడలు పడుకుంటుంది. ఈ ఇంట్లో లైటు ఎవరి చేతిలో ఉంటే, చీపురు కూడా వాళ్ళ చేతిలోనే."

"రెండూ ఒకళ్ళే ఎలా పట్టుకుంటారమ్మా?"

"దేవుడు రెండు చేతులిచ్చాడుగా!"

మావారు కాసేపు అన్నం కెలికారు. తర్వాత, ఏదో గ్లాసుకి చోటు చేస్తున్నట్టుగా, ఎడం చేత్తో లైటుని మెల్లిగా నావైపు జరిపారు. నేను అత్తయ్య వైపు జరిపాను. అత్తయ్య దాన్ని ముట్టుకోనైనా లేదు, చెంబుతో నెట్టారు. అది దొర్లుకుంటూ వెళ్ళి మావారి కంచానికి తగిలి ఆగింది.

ముగ్గురం దానివైపే చూశాం.

"ఆలోచిస్తే," అన్నారాయన గొంతు సవరించుకుని, "ఈ ఎల్ఈడీలు పాత టార్చిల్ని పూర్తిగా తప్పించడానికి ఇంకా చాలా కాలం పట్టేట్టుంది."

"పట్టనీ," అన్నారు అత్తయ్య. "ఈలోగా నువ్వు అటక దులుపు."