పల్చటి రేకు

ఉదయం ఏడింటికి పరిశోధకురాలు తన నక్షత్రం భగ్గుమందని ప్రపంచంలోని అబ్జర్వేటరీలన్నిటికీ కబురు పంపింది.

అది నిజానికి జంట నక్షత్రం. ఒకటి ఆయుష్షు తీరి కుదించుకుపోయిన శ్వేత కుబ్జం, రెండోది మామూలు నక్షత్రం. కుబ్జం రెండోదాని వాయువును లాక్కుంటుంది. అది మీద పడేటప్పుడు ఎక్స్-కిరణాలు పుడతాయి. ఎప్పుడో ఒకసారి ఆ కాపురం భగ్గుమంటుంది.

ఆ పూట ఆమె అనుకున్నది ఉపగ్రహం పంపిన కొలతలు దించుకుని, కాఫీ తాగి, పాపను బడిలో దింపాలని. చూస్తే ఎక్స్-కిరణాల గ్రాఫులో గీత నిలువునా లేచి ఉంది. ఫలితం చూపించకపోతే నెలాఖరుకు ఉద్యోగం పోతుంది. ప్రొఫెసర్ కామాలు సరిదిద్దకుండా ఏ కబురూ బయటికి పోనివ్వరు. ఆయన అప్పుడు స్నానం చేస్తున్నారు. ఆమె ఆగలేదు.

భర్త ఆ సంగతి బంధువుల గ్రూపులో పెట్టాడు. వెంటనే అత్తగారు ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఏదో భగ్గుమందట! డాబా మీద బట్టలు ఆరేశాను. తీసెయ్యనా?"

"అక్కర్లేదత్తయ్యా. అది చాలా దూరం."

"మీ ఆఫీసంత దూరమా?"

"ఇంకా దూరం."

"అయితే ఉండనీలే."

కబురు విని సంస్థ డైరెక్టర్ పదకొండింటికి విలేకరులను పిలిచారు. ఈలోగా ప్రొఫెసర్ ఆఫీసుకు వచ్చి, గ్రాఫు చూసి కళ్ళజోడు తీశారు.

"కెమెరా ముందు ఏ రేకు పెట్టమన్నావమ్మా?"

"పల్చటిది సార్. మన నక్షత్రం ఎప్పుడూ మినుకుమినుకుమంటూనే ఉంటుంది కదా అని."

ఉపగ్రహంలోని ఎక్స్-రే కెమెరాలోకి మామూలు వెలుతురు రాకుండా ముందు ఒక రేకు పెడతారు. రేకు పల్చనైతే వెలుతురు దూరుతుంది. కెమెరా దాన్నే ఎక్స్-కిరణాలని లెక్కపెడుతుంది.

"ఇవి ఎక్స్-కిరణాలు కావు, ఒట్టి వెలుతురు. కొంప ముంచావు తల్లీ!"

"తప్పయిందని ఇంకో కబురు పంపేద్దాం సార్."

"రాయి. నేను చూడందే పంపకు."

ఆమె రాసింది. ఆయన 'క్షమించండి' పక్కన కామా పెట్టారు, తీసేశారు, మళ్ళీ పెట్టారు. కింద హాల్లో కుర్చీలు జరుపుతున్నారు. డైరెక్టర్ తలుపు తీశారు.

"మైకు పనిచేస్తోంది. మీరింకా ఇక్కడేం చేస్తున్నారు?"

"ఒక్క కామా సార్," అన్నారు ప్రొఫెసర్.

ఫోన్ మోగింది. భూమికి అవతలి వైపు, ఇంకా రాత్రి ఉన్న చోటి అబ్జర్వేటరీ.

"మీ కబురు చూసి టెలిస్కోపు అటు తిప్పామండీ. ఏం వెలుగండీ బాబూ! మామూలుకి వంద రెట్లుంది. మీరు చెప్పకపోతే అటు చూసేవాళ్ళమే కాదు."

మినుకుమనే నక్షత్రానికి రేకు దాటేంత వెలుతురు ఎక్కడిదని అప్పటిదాకా ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

"అంటే నిజంగానే భగ్గుమందా సార్?"

"భగ్గుమంది. కాకపోతే మామూలు వెలుతురులో, నువ్వు రాసినట్టు ఎక్స్-కిరణాల్లో కాదు, అంతే. క్షమాపణ కొట్టేసి సవరణ రాయి."

ఆమె అప్పుడు కుర్చీలో కూర్చుంది. పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న కాఫీ చల్లారిపోయి ఉంది. అదే తాగేసింది.

ఆమె ఉద్యోగాన్ని పొడిగిస్తున్నట్టు డైరెక్టర్ మైకులో చెప్పారు. సవరణ ఇంకా ప్రొఫెసర్ దగ్గరే ఉంది. మధ్యాహ్నానికి అత్తగారి బట్టలు ఆరాయి.