ఆదాము గారికి ఇన్వర్టరు

"ఆళ్ళింట్లో కరెంటే నేదు. మిక్సీ ఎట్టుకుని ఏటి సేసుకుంటారు బావా?" అని ఈశ్వరి అడగడం ఆ పొద్దుటికి అది మూడోసారి.

"అందుకే గదా, ఇన్వర్టరు కూడా ఇస్తన్నాను" అన్నాడు గిరిబాబు.

"ఇన్వర్టరికి ఛార్జింగు ఎక్కడ ఎడతారు?"

సమాధానం లేనప్పుడు గొంతు పెంచడం ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా అమల్లో ఉన్న పద్ధతి. ఛార్జింగుకి మనింటికే తెచ్చుకుంటారనీ, నాలుగు మైళ్ళు ఒక లెక్కా అనీ గట్టిగా చెప్పాడు. చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్న అతని తల్లి తాయారు తలెత్తకుండానే, ఎద్దుబండి మీద ఇన్వర్టర్ని ఆసుపత్రికి తెచ్చినట్టు తెస్తారేట్రా అని అడిగింది. కూతురు కుమారి కాలేజీ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు ఒక మాట మీద ఉన్నారంటే తన ఆలోచనే సరైనదని గిరిబాబుకి ఎప్పుడూ గట్టి నమ్మకం.

గరివిడి ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరైన గిరిబాబుకి ఆదాము కుటుంబంతో స్నేహం స్కూటర్ వల్ల కుదిరింది. మూడేళ్ళ కిందట వానలో అది దారిమధ్య మొరాయిస్తే, తెల్లబట్టల మనిషొకడు ఎద్దుబండి ఆపి, ఒక్క ప్రశ్నా వేయకుండా స్కూటర్ని బండెక్కించి, గిరిబాబుని దాని పక్కన కూర్చోబెట్టి ఇంటి ముందు దింపాడు. స్కూటర్ మీద మనిషి వెళ్ళడం ఊరికి కొత్త కాదు. మనిషీ స్కూటరూ పక్కపక్కన కూర్చుని ఊరేగడం మాత్రం గరివిడి అదే మొదలు చూడటం.

ఆ మనిషి ఆదాము. ఊరవతల పన్నెండిళ్ళ పేట వాళ్ళది. తాతల నాడే ఒక కట్టడి పెట్టుకున్నారు. కరెంటు వద్దు, ఫోను వద్దు, ఫోటో వద్దు, నగ వద్దు. తెల్లబట్ట, ఎద్దుల నాగలి, రెండు పూటలా ప్రార్థన. స్తంభాలు పాతడానికి వచ్చినవాళ్ళకి మజ్జిగలిచ్చి మర్యాదగా వెనక్కి పంపారట. అందుకే చుట్టుపక్కల దాన్ని లాంతర్లపేట అంటారు.

ఆ స్కూటర్ నాటి నుంచీ ఆదివారం మధ్యాహ్నాలు గిరిబాబు ఆ పేటలోనే గడిపేవాడు. ఆదాము ఇంటి అరుగు మీద కూర్చుంటే ఫ్యాక్టరీ గోల, ఇంటి గోల రెండూ వినపడేవి కావు. ఆదాము ఎక్కువ మాట్లాడడు. గిరిబాబుకి వినేవాళ్ళు కావాలి. ఇంతకన్నా మంచి జోడీ కుదరదు.

ఈ ఎండాకాలంలో ఈశ్వరికి పిత్తాశయంలో రాళ్ళు తీశారు. ఆదాము భార్య లీలారాణి కబురు తెలిసిన మర్నాడు నడిచి వచ్చింది. పన్నెండు రోజులు రోజూ వచ్చింది. గ్యాసు పొయ్యి ముట్టుకోదు గనక పెరట్లో మూడు ఇటుకలు పేర్చి వండింది. తాయారుకి నీళ్ళు పోసింది, ఈశ్వరికి అంబలి తాగించింది. పొగ వాసన వేసే పప్పు తిని, పెళ్ళయ్యాక ఇంత రుచిగా ఎప్పుడు తిన్నానా అని గిరిబాబు పైకే అని, పది నిమిషాల పాటు దాని ఫలితం అనుభవించాడు. పదమూడో రోజు ఈశ్వరి లేచి నడవగానే లీలారాణి వెళ్ళిపోయింది. అతను చీర కొని తెచ్చేసరికి పెరట్లో మూడు ఇటుకలే ఉన్నాయి.

అప్పటి నుంచీ గిరిబాబుకి అన్నం సహించడం లేదు. అంత చేసిన మనుషులకి తిరిగి ఏమీ చేయకపోతే మనం మనుషులమేనా అని అతని బాధ. ఆ బాధ నిజమైనదే. దానికి దొరికిన బుర్ర మాత్రం గిరిబాబుది.

మిక్సీ, ఇన్వర్టరు ఆటోలో వెళ్ళాయి. ఆదాము రెండు చేతులా అందుకుని, ప్రార్థన చేసి, లోపల పెట్టించాడు. గిరిబాబు ఇంటికొచ్చి, చూశారా అన్నట్టు కండువా దులిపాడు.

రెండు రోజులకి ఆ మిక్సీ అంగన్‌వాడీలో పిల్లలకి పప్పు రుబ్బుతూ కనిపించింది. ఇన్వర్టరు కూడా అక్కడే, ఆయమ్మ కాళ్ళు చాపుకునే పీటగా ఉంది. ఆ మర్నాడు తెల్లవారగానే ఆదాము, లీలారాణి పలుగు పార పట్టుకుని గిరిబాబు ఇంటికి వచ్చారు. మధ్యాహ్నానికి పెరటి నుయ్యి పూడిక తీసి, అంబలి తాగి, దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఈశ్వరి అప్పుడు విడమరిచి చెప్పింది. ప్రేమతో గుమ్మంలోకి తెచ్చినదాన్ని వాళ్ళు కాదనరు. తాము వాడకూడనిదైతే పనికొచ్చే వాళ్ళకి ఇచ్చేస్తారు. కానీ పుచ్చుకున్నదానికి చేతులతో పని చేసి తీరతారు. జబ్బు మనిషికి చేసినదానికి మాత్రం బదులు ఆశించరు. లీలారాణి ఇవన్నీ తనకి ఎప్పుడో చెప్పిందట.

"మరి నాకేటి సెప్పనేదు?"

"ముందే సెప్పినాను. అప్పుడు నువ్వు గొంతు పెంచుతున్నావు."

చిన్న వస్తువు ఇచ్చాను కనక అలా అయింది, పెద్దదైతే ఉంచుకుంటారని గిరిబాబు తేల్చుకున్నాడు. వాషింగ్ మెషీన్ వెళ్ళింది. అది ఇస్త్రీ నూకయ్యకి చేరింది. వారం తిరక్కుండా గిరిబాబు చొక్కాలు తను ఇచ్చిన మెషీన్‌లోనే ఉతికి, మడతపెట్టి వచ్చాయి. ఆ వెనకాలే లాంతర్లపేట నుంచి ఆరుగురు సున్నం బకెట్లతో దిగారు. ఏ గోడకి వేయమంటారని అడిగితే తాయారు అన్నిటికీ అంది. గిరిబాబు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి, పట్టుబట్టి వేయించుకున్న వంకాయ రంగు హాలు పాలకోవాలా మెరుస్తోంది. ఆరుగురు తెల్లబట్టల వాళ్ళు ఆ గోడల ముందు నిలబడితే ఎవరెక్కడున్నారో అతనికి కాసేపు తెలియలేదు.

ఇక పేరు చెప్పకుండా ఇవ్వాలనుకున్నాడు. పేరు తెలియకపోతే పని చేసిపెట్టడానికి ఎవరింటికి వస్తారు? విజయనగరం నుంచి సోలార్ దీపం తెప్పించి, పేట నూతి దగ్గర పాతి రమ్మని అప్పలసూరి అనే మెకానిక్‌ని పంపాడు. ఎవరిచ్చారంటే సర్కారు అనమన్నాడు. అప్పలసూరి పని ముగించాడు. లీలారాణి మజ్జిగిచ్చి, ఎవరు పంపారు బాబూ అని అడిగింది. ఆ తెల్లచీర ముందు అబద్ధం నోటికి రాలేదనీ, గిరిబాబు గారి పేరుతో పాటు ఇంటి నంబరు కూడా తన్నుకొచ్చేసిందనీ అప్పలసూరి తిరిగొచ్చి ఒప్పుకున్నాడు.

మూడో రోజు పొద్దున్న పద్దెనిమిది మంది వచ్చారు.

అంతమంది చేయడానికి ఇంట్లో పని మిగల్లేదు. నుయ్యి అద్దంలా ఉంది, గోడలు తెల్లగా ఉన్నాయి. అయినా వాళ్ళు ఇల్లంతా ఒకసారి తిరిగి, పెరట్లో పశువుల శాల కట్టడానికి నిర్ణయించారు. పశువు లేదని గిరిబాబు మొత్తుకున్నాడు. తర్వాత కొనుక్కోవచ్చని ఓదార్చారు. ఇంటి యజమాని మొదటి గునపం వేస్తేగాని వాళ్ళు పని మొదలుపెట్టరు. గిరిబాబు గునపం ఎత్తాడు. పదిసార్లు ఎత్తి దించేసరికి, ఖాకీ చొక్కాలో ఇన్నేళ్ళుగా దాక్కున్న నడుము తన ఉనికి చాటుకుంది. కుమారి తాటాకులు అందిస్తూ వాళ్ళు పాడే పాటలో గొంతు కలిపింది. ఈశ్వరి ఎసరు మీద ఎసరు పెట్టింది.

ఆదాము మాత్రం ఆ రోజు పాడలేదు. మధ్యాహ్నం గిరిబాబు పక్కన కూర్చున్నాడు.

"గిరన్నా, మా పేటకి పెద్ద, జాను పెద్దాయన ఒక మాట సెప్పమన్నాడు. పిల్లలు సాయంత్రం ప్రార్థనకి రావడం నేదు. పాతేసిన నీ దీపం ఇంకా ఎవరికీ ఇయ్యనేదు, దాని కిందే కూకుంటన్నారు. ఆకుమడిలో నారు ముదిరిపోతన్నాది, ఇద్దరికి జొరాలు, ఊడుపు సేతులు ఇక్కడ నీ శాల కడతన్నాయి. ఇలాగైతే నీకూ మాకూ రాకపోకలు సాలించుకోమన్నాడు."

గిరిబాబుకి ఆదివారం మధ్యాహ్నాలు ఒక్కొక్కటీ కళ్ళ ముందు కదిలాయి.

"నాను ఋణం తీర్సుకుందామనే..." అన్నాడు చివరికి.

"ఏ ఋణం? వదినమ్మ తీర్సేసింది గదా." ఆదాముకి నిజంగానే అర్థం కాలేదు. "జేస్ట నెల నుంచి గురువారం గురువారం వస్తన్నాది. లీలారాణితో పాటు ఆకుమడిలో కలుపు తీస్తాది, నారు కట్టలు కడతాది. పనికి పని సరిపోద్ది. మేము ఆయమ్మకేటీ బాకీ నేదు, ఆయమ్మా మాకేటీ బాకీ నేదు. నీకు తెల్దా?"

గిరిబాబుకి తెలిసిందల్లా, డాక్టరు చెప్పిన నడక కోసం ఈశ్వరి గురువారం తెల్లారి బయల్దేరి, బాగా చెమట పట్టి, మోకాళ్ళ దాకా బురదతో తిరిగొస్తుందని. గరివిడి రోడ్లు అంత అధ్వాన్నంగా ఉన్నాయని పంచాయతీ మీద అర్జీ కూడా రాసి పెట్టుకున్నాడు.

అతను వంటింటి వైపు చూశాడు. ఈశ్వరి గంజి వారుస్తూ, వినపడనట్టే, నవ్వు బిగబట్టుకుని ఉంది.

పద్దెనిమిది మందీ శాల కట్టి, దండం పెట్టి, చీకటి పడక ముందే వెళ్ళిపోయారు. గిరిబాబు ఆదాము బండి వెనక కొంత దూరం నడిచి, ఏదో అడిగి వచ్చాడు. ఏం అడిగాడో ఎవరికీ చెప్పలేదు.

అన్నాల దగ్గర నలుగురూ కూర్చున్నారు. మామూలుగా అయితే గిరిబాబు ఆ పూట జరిగినదంతా తనే చేసినట్టు చెప్పుకొచ్చేవాడు. ఆ సాయంత్రం మజ్జిగ దాకా తల ఎత్తలేదు.

ఎందుకు చెప్పలేదని అడగడానికి ఒకసారి నోరు తెరిచాడు. ఈశ్వరి అతని కంచంలో ఊరగాయ వేసింది. తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకున్నాడు.

"అమ్మా" అన్నాడు. ఆ ఇంట్లో అతని గొంతు అంత తగ్గి వినపడటం కొత్త గనక ముగ్గురూ చేతులాపి చూశారు. "ఆ దీపం పీకించి బస్సాగే కాడ ఎట్టిస్తన్నాను, ఆదాముని అడిగే. నాలుగు రోజులు సెలవెడతన్నాను. రేపట్నుంచి ఆదాము మడిలో ఊడుపుకి ఎళ్తన్నాను."

తాయారు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

గిరిబాబు ఈశ్వరి వైపు చూశాడు.

"ఈసారి ఏటీ అట్టుకెళ్ళను. వొట్టి సేతుల్తోనే ఎళ్తాను."