స్వర్ణ పతక విజేత బీట్‌రూట్

రాష్ట్ర స్థాయి ఐదువేల మీటర్ల పరుగులో బీట్‌రూట్ మొదటి స్థానంలో వచ్చిందని క్రీడా మండలి ప్రకటించింది. గీత దాటింది కిల్లో మాలతి. అందులో మండలికి అనుమానం లేదు. అయితే పోటీకి ముందు ఆమె బీట్‌రూట్ రసం తాగింది. అందులోని నైట్రేట్ ఓపిక పెంచుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి పరిగెత్తింది బీట్‌రూటే. కాళ్ళు సమకూర్చినందుకు మాలతికి మండలి కృతజ్ఞతలు కూడా తెలిపింది.

పతకం పోతే పోయింది. గెలిచినవాళ్ళకి కానిస్టేబుల్ ఉద్యోగం ఉంది. వయోపరిమితి ప్రకారం మాలతికి ఇదే చివరి అవకాశం. ఆమె అప్పీలు చేసుకుంది.

విచారణలో బీట్‌రూట్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. మాలతిని నిలబెట్టారు.

"సార్, రసం తాగింది నేను. పరిగెత్తింది నేను. కాళ్ళు పుళ్ళు పడింది నాకు."

"తాగానని ఒప్పుకుంటున్నావు కదమ్మా," అన్నాడు చైర్మన్ పశుపతిరావు. "రాసుకోండి."

"మీ క్రీడా హాస్టల్ వాళ్ళే తాగించారు! వద్దంటే టిఫిన్ పెట్టం అన్నారు."

"మరి దాని మేలు మరిచిపోతే ఎలా?"

"పుట్టిన దగ్గర్నుంచీ కొండ ఎక్కి దిగుతున్నా. అప్పుడేం తాగాను సార్? గంజి! అయితే గంజికివ్వండి ఉద్యోగం!"

గంజి దరఖాస్తు చేసుకోలేదని గుమాస్తా చెప్పాడు.

అప్పుడు మండలి డాక్టరు రేవతి లేచింది. రసం పళ్ళకి అంటితే ఫోటోలు బాగా రావని, తాగిన వెంటనే అందరిచేతా మౌత్‌వాష్ పుక్కిలింపించడం ఆ హాస్టల్ ఆనవాయితీ. "నైట్రేట్ పనిచేయాలంటే నాలుక మీది సూక్ష్మజీవులు ముందు దాన్ని మార్చాలి సార్. మౌత్‌వాష్ వాటిని చంపేస్తుంది. ఆ రసం ఈ అమ్మాయికి దాదాపు ఏమీ చేసుండదు. ఈమె సొంతంగానే గెలిచింది."

మాలతి పిడికిళ్ళు బిగించి చైర్మన్ వైపే చూసింది.

పశుపతిరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే బీట్‌రూట్ ఏమీ చేయకుండానే స్వర్ణం కొట్టిందన్నమాట! ఇంత ప్రతిభ నా సర్వీసులో చూళ్ళేదు."

బీట్‌రూట్ ఉద్యోగంలో చేరింది. వాడిపోయినప్పుడల్లా కొత్తది బాధ్యతలు స్వీకరిస్తుంది. దాన్ని మోసే పని, ఒప్పంద పద్ధతి మీద, మాలతికి ఇచ్చారు.

"సిగ్గుందా సార్ మీకు?" అని అడిగిందామె. ఆ ప్రశ్న తమ పరిధిలోకి రాదని మండలి రాతపూర్వకంగా జవాబిచ్చింది. ఇంట్లో బియ్యం లేవు. సంతకం పెట్టింది.

తర్వాతి పోలీసు క్రీడల్లో మాలతి బీట్‌రూట్‌ని గుండెకి అదుముకుని పరిగెత్తింది. పక్కన ఒకమ్మాయి ప్రోటీన్ పొడి డబ్బా మోస్తోంది. ఇంకొకమ్మాయి ఖరీదైన బూట్లు చేతపట్టుకుని వట్టికాళ్ళతో వస్తోంది. మాలతి అందరికంటే ముందు గీత దాటింది. మైదానమంతా లేచి చప్పట్లు కొట్టింది.

"విజేత కనబడ్డం లేదమ్మా, కాస్త అడ్డు తప్పుకో!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

మాలతి రొప్పుతూనే తల వంచుకుని, బీట్‌రూట్‌ని రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది.